పంతొమ్మిది నెలల పుస్తకం

హోసూరు ప్రాంతం నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న ఒక విద్యార్థిని, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు మధ్య పెరిగిన అమ్మాయి, గ్రంథాలయంలో తీసుకున్న 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'ను మా బల్ల మీద పెట్టి, "నేను నిదానంగా చదువుతాను సార్. ఇది ముగించాలంటే నాకు ఏడాదిన్నర పడుతుంది. గైడు ఏదైనా చెప్పండి" అని అడిగింది. మూడు భాషల్లోనూ తన చదువు నెమ్మదే అని ఆమెకు లోలోపల సిగ్గు. ఆ లెక్క విని మేము నవ్వితే చిన్నబుచ్చుకుంది కూడా. కాని మేము నవ్వింది ఆమెను చూసి కాదు. ఆ నవలను మొట్టమొదట చదివిన వాళ్లకు సైతం ఇంచుమించు అంతే కాలం పట్టింది.

డికెన్స్ ఆ నవలను 1849 మే నుంచి 1850 నవంబరు వరకు, పంతొమ్మిది నెలల పాటు, నెలకొక భాగంగా వెలువరించాడు. ఒక్కొక్క భాగం 32 పేజీలు. 'ఫిజ్' అనే పేరుతో బొమ్మలు వేసే హాబ్లట్ బ్రౌన్ గీసిన చిత్రాలు రెండు. పైన పలచని కాగితపు అట్ట. వెనకా ముందూ వ్యాపార ప్రకటనలు. వెల ఒక షిల్లింగు. చివరి నెలలో రెండు భాగాలు కలిపి ఇచ్చేవారు కాబట్టి మొత్తం ఇరవై భాగాలు, ఇరవై షిల్లింగులు. ఈ పద్ధతి డికెన్స్‌కు 1836లో మొదలైన 'పిక్విక్ పేపర్స్'తోనే అబ్బింది.

ఆ రోజుల్లో కొత్త నవల సాధారణంగా మూడు సంపుటాలుగా వచ్చేది. వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు. ఒక్క పుస్తకానికి ఒక్కసారిగా అంత సొమ్ము పెట్టగల ఇళ్లు తక్కువ. అందుకే అద్దె గ్రంథాలయాలు వృద్ధి చెందాయి. 1842లో పుస్తకాలు అరువివ్వడం మొదలుపెట్టిన చార్లెస్ మ్యూడీ ఏడాదికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు, చందాగా తీసుకొని ఒక విడతకు ఒక సంపుటం చొప్పున ఇచ్చేవాడు. ఒకే నవల మూడు సంపుటాలుగా ఉంటే ఒకే సమయంలో ముగ్గురు చందాదారుల చేతుల్లో తిరుగుతుంది. కాబట్టి మూడు సంపుటాల నవలే గ్రంథాలయానికి లాభం. ప్రచురణకర్త అదే అడిగేవాడు, రచయిత అంత మేరా నింపేవాడు. 1894లో గ్రంథాలయాల వాళ్లే ఇక ఆ ధర భరించలేమని తేల్చేదాకా ఈ ఏర్పాటు సాగింది. విక్టోరియా కాలపు నవలల పొడవు రచయితల నోటి తీట మాత్రమే అనుకునే విద్యార్థులు ఈ బేరసారాల సంగతి తెలుసుకోవాలి. వాటిలో ఊకదంపుడు లేదని మేము వాదించబోము. ఉంది, కొన్నిచోట్ల బాగానే ఉంది.

అయితే నెలసరి భాగంగా పుట్టిన నవలకు ఆ పొడవులోనే ఒక రుచి ఉన్నది. మికాబర్ అనే అప్పులపాలైన పెద్దమనిషినే చూడండి. 1849 ఆగస్టు భాగంలో కథలోకి వస్తాడు. మళ్లీ అక్టోబరులో కనిపించి మాయమవుతాడు. తిరిగి ఎదురుపడేది 1850 జనవరిలో. మూడు నెలలు పాఠకుడికి కనబడని మనిషి తిరిగి వచ్చినప్పుడు వెంటనే ఆనవాలు పట్టడానికి గుర్తు ఉండాలి కదా. ఏదో ఒకటి కలిసిరాకపోదన్న ఆయన ఊతపదమే ఆ గుర్తు. యురయా హీప్ చేతులు నలుపుకుంటూ తన అణకువను తానే చాటుకోవడమూ అంతే. ఆ అణకువ అనే ఇంగ్లీషు మాటలో మొదటి 'హ'కారాన్ని అతడు పలకడు. ఆ దేశంలో మనిషి పుట్టుక చెప్పడానికి ఆ ఒక్క ధ్వని లోపం చాలు. వారం రోజుల్లో పుస్తకం ముగించే వాడికి ఈ పునరుక్తి విసుగు పుట్టిస్తుంది. నెలకొకసారి చదివేవాడికి మాత్రం వీధి చివర తెలిసినవాడు కనబడినట్టుంటుంది.

పాఠకులు ఎదురుచూస్తూ ఊరుకోలేదు, ఉత్తరాలు కూడా రాశారు. 1849 డిసెంబరు భాగంలో మిస్ మౌచర్ అనే పొట్టి స్త్రీ పాత్ర ప్రవేశించింది. అది తన రూపాన్నే ఎగతాళి చేయడమని గ్రహించిన ఒక పొరుగు మహిళ మనసు నొచ్చుకొని డికెన్స్‌కు ఉత్తరం రాసింది. ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నాడు. 1850 మార్చి భాగంలో ఆ పాత్ర మళ్లీ వచ్చినప్పుడు ఆమె సద్బుద్ధి గల మనిషిగా మారిపోయింది. ఇదివరకు అచ్చయిన భాగాన్ని మార్చడానికి వీల్లేదు. రాబోయే భాగమే రచయిత చేతిలో ఉన్నది. ఇంకొక సంగతి: డోరా అనే అమ్మాయి బతుకును ఏ మలుపు తిప్పాలో తాను ఇంకా తేల్చుకోలేదని డికెన్స్ 1850 మే 7న తన మిత్రుడు ఫోర్‌స్టర్‌కు రాశాడు. మే నెల భాగం చేత పట్టుకొని పాఠకుడు ఏమవుతుందో అని ఆలోచిస్తున్న రోజుల్లోనే రచయిత కూడా అదే ఆలోచనలో ఉన్నాడన్నమాట.

చదువు రానివాళ్లకు ఈ నవలలు అందలేదనుకుంటే పొరపాటు. 'డాంబీ అండ్ సన్' 1846 నుంచి 1848 వరకు భాగాలుగా వస్తున్న కాలంలో, ఒక నశ్యం దుకాణం పై అంతస్తులో అద్దెకుండే పనిమనిషి గురించి ఫోర్‌స్టర్ రాశాడు. నెలలో మొదటి సోమవారం ఇంటివాడు అద్దెకున్న వాళ్లందరినీ కూర్చోబెట్టి ఆ నెల భాగం పైకి చదివేవాడట. డబ్బు ఇచ్చినవాళ్లకు తేనీరు, ఇవ్వనివాళ్లకు కథ మాత్రం. ఆ 'డాంబీ'ని రాసింది ఒక్క మనిషేనంటే పనిమనిషి నమ్మలేదు. ముగ్గురు నలుగురైనా చేరి కట్టి ఉంటారనుకున్నది. పురాణ కాలక్షేపం విన్న ఇళ్ల నుంచి వచ్చిన మన విద్యార్థులకు ఈ దృశ్యం కొత్త కాదు.

భాషాశాస్త్రం చదివిన వాళ్లం కనుక ఒక్క మాట. యార్మత్ తీరపు బెస్త పెగొటీ, తన ఔదార్యాన్ని ఎవరైనా ఎత్తితే ఒక విచిత్రమైన క్రియాపదంతో ఒట్టు పెడతాడు. ఆ మాట వ్యుత్పత్తి ఇంట్లో ఎవరికీ తెలియదని కథకుడే ఒప్పుకుంటాడు. అర్థం తెలియకపోయినా ఆ ఒట్టు బరువు అందరికీ తెలుసు. మీ అవ్వల నోట విన్న, నిఘంటువులో దొరకని తెలుగు మాటలు మీకు గుర్తుకు రాకపోతే ఆశ్చర్యం.

మన నవల పుట్టుక కూడా ఇలాంటిదే. వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో విడతలుగానే వెలువడింది. దానికి ప్రేరణ అంటున్న గోల్డ్‌స్మిత్ నవల 1766 నాటిది, విక్టోరియా రాణికి చాలా ముందుది. కాని విడతల పద్ధతి మాత్రం ఆమె కాలపు పాఠకుడికి బాగా అలవాటైనదే. తరువాతి కాలంలో వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పుటలను చించి, వరుసగా కుట్టి, బైండు చేయించుకున్న ఇళ్లు మేము ఎన్నో చూశాము. మా ఇల్లూ అందులో ఒకటి.

మేము 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'ను మొదట చదివింది పరీక్ష ముందు, నాలుగు రాత్రుల్లో. మార్కులు వచ్చాయి, మికాబర్ అంటే పదేళ్ల దాకా కంపరం పోలేదు. తరువాత ఒక బదిలీ కాలంలో రోజుకొక అధ్యాయం చొప్పున చదువుకున్నప్పుడు అదే మనిషి కోసం ఎదురుచూశాము.

ఆ అమ్మాయికి అసలు భాగాలు ఎక్కడెక్కడ తెగుతాయో అధ్యాయాల పట్టిక రాసి ఇచ్చాము. మొదటి భాగం మూడు అధ్యాయాలు, రెండోది మరో మూడు, పదోది నాలుగు, చివరి జంట భాగం ఏడు. నెలకొక భాగమే చదవమన్నాము. ఆగలేక ఒకసారి రెండు భాగాలు కలిపి చదివినట్టు తానే ఒప్పుకుంది. మొన్న పదమూడో భాగం ముగించి వచ్చి, డోరా ఏమవుతుందని అడిగింది. మేము చెప్పలేదు.