పసిపిల్లల జ్వరమూర్ఛ: 2003కు ముందు, తర్వాత

పసిబిడ్డకు జ్వరం కాస్తుంది. ఒళ్లు కాలిపోతుండగానే ఉన్నట్టుండి కళ్లు తేలవేస్తుంది, పళ్లు గిట్టకరుచుకుంటాయి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. రెండు మూడు నిమిషాలలో అంతా ఆగి బిడ్డ నిద్రలోకి జారుకుంటుంది. చూస్తున్న తల్లికి మాత్రం బిడ్డ చచ్చి బతికినట్టే. దీనిని వైద్యశాస్త్రంలో జ్వరమూర్ఛ అంటాము. జనం వాడుకలో జ్వరం ఫిట్స్. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. జపాను పిల్లలలో ఇంకా ఎక్కువ.

ఈ మూర్ఛలలో అత్యధిక భాగం ప్రమాదం లేనివే. కాని మొదటి నిమిషంలో అచ్చంగా ఇలాగే కనిపించి, ఒకటి రెండు రోజులలో ప్రాణం తీసే జబ్బులు కూడా ఉన్నాయి. ఈ రెంటినీ విడదీసి చూడడం వైద్యులు ఎలా నేర్చుకున్నారు, ఆ నేర్పుకు 2003లో మన ఉత్తర తెలంగాణలో ఎటువంటి పరీక్ష ఎదురైంది అన్నదే ఈ వ్యాసం.

మన ప్రాచీన వైద్యంలో శిశువుల జబ్బులకు కౌమారభృత్యమని ప్రత్యేక శాఖే ఉండేది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం తొమ్మిది బాలగ్రహాలను పేర్కొన్నది. వాటిలో స్కందాపస్మారం లక్షణాలు చదివితే నేటి వైద్యుడు ఆశ్చర్యపోతాడు: బిడ్డ స్పృహ తప్పి మళ్లీ తెలివిలోకి రావడం, చేతులూ కాళ్లూ నాట్యమాడుతున్నట్టు కదిలించడం, నోట నురగ, తెలియకుండానే మలమూత్రాలు పోవడం. మూర్ఛను ఇంతకంటె నిశితంగా మనమూ వర్ణించలేము. కారణాన్ని గ్రహాలకు అంటగట్టారే గాని, చూపులో లోపం లేదు. ఆ తొమ్మిదింటిలో మరొకటి శకుని. శకుని అంటే పక్షి. కొన్ని చోట్ల నేటికీ వినిపించే ‘పక్షిదోషం’ అన్న మాటకు దానితో చుట్టరికం ఉన్నదేమో భాషావేత్తలు చెప్పాలి.

గ్రీసు దేశంలో హిపోక్రటీస్ పేరుతో నిలిచిన గ్రంథాలలో కూడా ఈ ప్రస్తావన ఉన్నది. తీవ్రజ్వరంలో పిల్లలకు మూర్ఛ వస్తుందని, మరీ చిన్నవారి నుంచి ఏడేళ్ల వయసు వరకే ఇది ఎక్కువని, పెద్దవారికి అంతగా రాదని సుమారు 2400 ఏళ్ల క్రితమే రాసి పెట్టారు. మనం ఐదేళ్లంటున్నాము, వారు ఏడన్నారు. ఉష్ణమాపకం లేని కాలంలో, అరచేతితో నుదురు తాకి చూసి చేసిన పరిశీలన అది.

ఆ తర్వాత చాలా శతాబ్దాలు ఐరోపా వైద్యం పళ్ల మీద పడింది. పసివారికి పళ్లు వచ్చే వయసూ మూర్ఛ వచ్చే వయసూ ఒకటే గనుక, పంటి వల్లనే మూర్ఛ అనుకున్నారు. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అంబ్రోజ్ పారే కాలం నుంచి 19వ శతాబ్దం దాకా చిగుళ్లను కత్తితో కోయడం గౌరవప్రదమైన చికిత్స. పాదరసం కలిపిన పళ్లపొడి తినిపించడం 20వ శతాబ్దం మధ్య వరకూ సాగింది. ఇంగ్లండు మరణాల పట్టికలలో ‘పళ్లు రావడం’ ఒక మరణకారణంగా నమోదయ్యేది.

మన పల్లెలలో జరిగినదీ దీనికి భిన్నం కాదు. మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలిపి పట్టడం, తాయెత్తు కట్టించడం వంటివి నిరపాయకరమైనవి. పొట్ట మీదనో నుదుటి మీదనో వాతలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా జొనిపి నీళ్లు పోయడం మాత్రం బిడ్డకు కొత్త ప్రమాదాన్ని తెచ్చిపెట్టేవి. ఆ మచ్చలను పెద్దయ్యాక కూడా మోస్తున్నవారు నాకు చాలామంది తెలుసు. చదువులేక చేశారని తీసిపారేయడం సరికాదు. జ్వరమూర్ఛ తనంతట తానే రెండు మూడు నిమిషాలలో ఆగుతుంది. మూడో నిమిషంలో ఏది చేసినా అదే పనిచేసినట్టు కనబడుతుంది. వాత పెట్టినా ఆగింది, చిగురు కోసినా ఆగింది, తాయెత్తు కట్టినా ఆగింది. తానుగా తగ్గే జబ్బుకు వైద్యుల కొరత ఉండదు. ఈ భ్రమ నుంచి ఎంబీబీఎస్ చదివినవారు కూడా చాలా కాలం తప్పించుకోలేకపోయారు. ఆ సంగతి ముందు చెబుతాను.

జ్వరాన్ని అంకెలలో కొలవడం మొదలైన తర్వాతనే చిత్రం మారింది. 1866లో ఇంగ్లండు వైద్యుడు థామస్ క్లిఫర్డ్ ఆల్బట్ ఆరంగుళాల పొట్టి థర్మామీటరు తయారుచేయించాడు. అంతకు ముందున్నవి అడుగు పొడవుండి, ఇరవై నిమిషాలు పట్టుకుని కూర్చోవలసినవి. పసిపిల్లలతో అది జరిగే పని కాదు. 1912లో జర్మనీలో హౌప్ట్‌మన్ మూర్ఛకు ఫినోబార్బిటాల్ పనిచేస్తుందని కనిపెట్టాడు. మన ఊళ్లలో గార్డినాల్ అన్న పేరుతో అందరికీ తెలిసిన మందు ఇదే. 1929లో హాన్స్ బెర్గర్ మెదడు విద్యుత్తరంగాలను నమోదు చేసిన వివరాలు ప్రచురించాడు. 20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో శామ్యూల్ లివింగ్‌స్టన్ వంటి వైద్యులు సాధారణ జ్వరమూర్ఛ వేరు, జ్వరం సాకుగా బయటపడే అపస్మారం వేరు అని గట్టిగా చెప్పసాగారు.

అయినా భయం పోలేదు. ఒకసారి జ్వరంలో ఫిట్స్ వస్తే బిడ్డ జీవితాంతం మూర్ఛరోగి అవుతుందని, తెలివి మందగిస్తుందని వైద్యులే నమ్మేవారు. ఆ నమ్మకానికి లెక్కలు కూడా ఉండేవి. కాని ఆ లెక్కలన్నీ పెద్దాసుపత్రులలో కట్టినవి. పెద్దాసుపత్రికి వచ్చేది ఎవరు? అరగంట సేపు ఫిట్స్ ఆగనివారు, పదేపదే వచ్చేవారు, పుట్టుకతోనే మెదడు ఎదుగుదల లోపించినవారు. ఇంటి దగ్గరే రెండు నిమిషాలలో కోలుకుని మర్నాడు ఆడుకున్న పిల్లలు ఏ రిజిస్టరులోనూ లేరు. ఊరి బావిలో చివరి చేదను చూసి ఊరంతా బురదనీళ్లే తాగుతున్నదని చెప్పినట్టుంది ఆ వరస.

ఈ లోపాన్ని సరిదిద్దినవారు కరిన్ నెల్సన్, జోనస్ ఎల్లెన్‌బర్గ్. అమెరికాలో సుమారు 54,000 మంది గర్భిణులను నమోదు చేసుకుని, వారి పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏడేళ్ల వయసు దాకా గమనించిన అధ్యయనం ఒకటి జరిగింది. ఆసుపత్రికి ఎవరు వచ్చారన్న దానితో నిమిత్తం లేకుండా అందరినీ లెక్కించారు. వారిలో 1,706 మందికి జ్వరమూర్ఛ వచ్చింది. 1976లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఏడేళ్లు నిండేనాటికి అపస్మారంగా మారినది సుమారు నూటికి ఇద్దరిలోనే. ఎదుగుదల మామూలుగా ఉండి, సాధారణమైన మూర్ఛ మాత్రమే వచ్చిన పిల్లలలో అది ఇంకా తక్కువ. తోబుట్టువులతో పోల్చి చూస్తే తెలివితేటలలో తేడా లేదు.

ఇంతటితో ఫినోబార్బిటాల్ వాడకం తగ్గి ఉండవలసింది. తగ్గలేదు. ఏళ్ల తరబడి రోజూ రెండు పూటలా ఆ మందు పోయించడం మన దగ్గరా మామూలే. 1990లో అమెరికాలో 217 మంది పిల్లలతో జరిపిన పరీక్ష ఫలితం వెలువడింది. రెండేళ్లు ఆ మందు ఇవ్వాలని నిర్ణయించిన పిల్లల ప్రజ్ఞాలబ్ధి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటె సగటున 7 పాయింట్లు తక్కువ. ఫిట్స్ మళ్లీ రావడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. చిగుళ్లు కోసిన పారే వారసులు మనమేనని అనిపించిన ఫలితమిది.

కాబట్టి 20వ శతాబ్దం ముగిసేనాటికి మా వృత్తి నేర్చుకున్న పాఠం తల్లికి ధైర్యం చెప్పడం. ‘భయపడకండి, వయసుతో పోతుంది’ అన్న మాట శాస్త్రీయంగా నిజం. సరిగ్గా అప్పుడు 2003 వచ్చింది.

ఆ సంవత్సరం జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ ప్రాంతాల పల్లెలలో పిల్లలు జ్వరంతో, వాంతులతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరసాగారు. ఉదయం ఆడుకున్న బిడ్డకు మధ్యాహ్నం జ్వరం, సాయంత్రం ఫిట్స్, తెల్లవారేసరికి కోమా. నమోదైన 329 మంది పిల్లలలో 183 మంది మరణించారు. సగానికి పైగా.

మొదట అందరి అనుమానమూ జపనీస్ ఎన్‌కెఫలైటిస్ మీదనే. 1955లో వెల్లూరులో మన దేశంలో తొలిసారి గుర్తించిన ఆ మెదడువాపు మన రాష్ట్రానికి కొత్తది కాదు. కాని రక్తపరీక్షలలో అది లేదు. డెంగీ లేదు, వెస్ట్ నైల్ లేదు, తట్టు లేదు. చివరికి పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు ఆరుగురు పిల్లల నమూనాల నుంచి ఒక వైరస్‌ను వేరుచేశారు. అది చాందీపుర వైరస్. 1965లో మహారాష్ట్రలో, నాగ్‌పూర్ ప్రాంతపు చాందీపురలో ఇద్దరు జ్వరపీడితుల రక్తంలో దొరికి, ఆ ఊరి పేరే పెట్టుకున్నది. దాదాపు నలభై ఏళ్లపాటు దానిని అంతగా పట్టించుకున్నవారు లేరు. 2004లో లాన్సెట్ పత్రిక ఈ పరిశోధనను ప్రచురించింది. ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలలో కలిగే ఆటంకమని వాదించిన వైద్యులూ ఉన్నారు. ఆ చర్చ ఎలా ఉన్నా, ఒక్కసారి వచ్చి పోయిన వింత కాదని మాత్రం త్వరలోనే తేలింది. 2005 మే నుంచి 2006 ఏప్రిల్ దాకా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో నిఘా పెట్టి పరీక్షించినప్పుడు, నమూనాలు పరీక్షించిన మెదడువాపు కేసులలో దాదాపు సగానికి ఈ వైరసే కారణమని కనబడింది.

దీనిని మోసుకొచ్చేది ఇసుక ఈగ అని పుస్తకాలంటాయి. దోమ కంటె చాలా చిన్నది, మామూలు దోమతెర కన్నాలలోంచి దూరగలదు. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాలలో, తడి పెంటకుప్పల పక్కన బతుకుతుంది. ఎగరడం తక్కువ, గెంతడం ఎక్కువ. గోడ పగుళ్లు పూడ్చి అలికిన ఇల్లు దానికి నచ్చదు.

ఇక్కడ మన చిట్యాలను తలచుకోవాలి. నల్లగొండ దారిలోని చిట్యాల కాదు, భూపాలపల్లి జిల్లా చిట్యాల. 2003లో ఇది వరంగల్ జిల్లా మండలం. ఈ చుట్టుపక్కల పల్లెలో అర్ధరాత్రి బిడ్డకు ఫిట్స్ వస్తే, పరకాల మీదుగా వరంగల్ చేరడానికి ఎవరిదైనా జీపు బతిమాలుకోవాలి, లేదా తెల్లవారి తొలి బస్సు కోసం కూర్చోవాలి. 108 అంబులెన్సు హైదరాబాదులో మొదలైంది 2005 ఆగస్టు 15న. ఇరవై నాలుగు గంటలలో ప్రాణం తీసే జబ్బులో ఆరేడు గంటలు దారిలోనో, అంతకు ముందు మంత్రగాడి వాకిట్లోనో, ‘మామూలు జ్వరం ఫిట్సే’ అన్న మాట నమ్ముకునో గడిస్తే మిగిలేది ఎంత?

అందువల్ల ధైర్యం చెప్పే వైద్యుడైనా, వినే తల్లి అయినా ముందు చూడవలసినది ఫిట్స్‌ను కాదు, ఫిట్స్ ఆగిన తర్వాతి గంటను. సాధారణ జ్వరమూర్ఛ పదిహేను నిమిషాలు దాటదు, ఒళ్లంతా ఒకేలా కొట్టుకుంటుంది, ఇరవై నాలుగు గంటలలో మళ్లీ రాదు. ఆగాక బిడ్డ కాసేపు నిద్రపోయి లేస్తుంది, తల్లిని గుర్తుపడుతుంది, ఏడుస్తుంది, పాలకు వస్తుంది. ఆ ఏడుపు వైద్యుడి చెవికి శుభవార్త. అలా కాక బిడ్డ మత్తుగానే ఉంటే, పిలిస్తే పలకకపోతే, వాంతులు ఆగకపోతే, మెడ బిగుసుకుంటే, ఫిట్స్ ఒక పక్కకే వస్తే, లేదా మళ్లీ మళ్లీ వస్తే అది మెదడులో జరుగుతున్న జబ్బు అనుకుని బయలుదేరవలసిందే. ఏడాదిలోపు పసికందులో మెదడుపొర వాపు మెడ బిగుసుకోకుండానే ఉండవచ్చు. ములుగు, ఏటూరునాగారం వైపు అడవి పల్లెలలో మలేరియా సంగతి కూడా మరవరాదు. రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొన్న నాటి నుంచి రక్తపు చుక్క పరీక్ష మన చేతిలో ఉన్నదే. ఏదైనా సరే, మొదటిసారి వచ్చిన ఫిట్స్‌ను అదే రోజు వైద్యుడికి చూపించాలి.

మూర్ఛ సాగుతున్నంతసేపు చేయవలసినది తక్కువ. బిడ్డను నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, గడియారం చూడాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు, మందు కూడా. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇప్పుడు దొరుకుతున్నది. ఒకసారి ఫిట్స్ దీర్ఘంగా వచ్చిన పిల్లల ఇంట్లో అది ఉంచుకోవాలా అన్నది వైద్యుడిని అడగండి. మూడింట ఒక వంతు పిల్లలకు జ్వరమూర్ఛ మళ్లీ వస్తుంది. పారాసిటమాల్ బిడ్డకు హాయినిస్తుంది గాని తర్వాతి మూర్ఛను ఆపుతుందనడానికి ఆధారం లేదు. వేళకు మందు వేయలేదని తల్లిని నిందించే అత్తగార్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

చాందీపుర వైరస్‌కు నేటికీ ప్రత్యేకమైన మందు లేదు, టీకా లేదు. ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలపడం, మెదడు వాపును, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచడమే చికిత్స. 2024 జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా గుజరాత్ కేంద్రంగా అది మళ్లీ తలెత్తింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు. పరీక్షలో చాందీపుర అని నిర్ధారణ అయినవి 64. అక్కడా ఎక్కువగా పదిహేనేళ్లలోపు పిల్లలే, అవే తొలకరి నెలలు.