మజ్బూతు

మెదక్ బజార్లో తలుపు కొన్నా, మంచం కొన్నా, చెప్పులు కొన్నా అడిగే మాట ఒకటే: "మజ్బూతుగ ఉంటదా?" అడిగేది కాపాయన కావచ్చు, మా ఖాలా కావచ్చు. ఆ మాటను ఎవరూ మతం అడగలేదు. "మీరెక్కడోళ్లు?" అని మమ్మల్నే అడుగుతారు. మా సంగతి తర్వాత. ముందు ఆ మాట ఎక్కడిదో చూద్దాం.

దాని మూలం అరబ్బీ 'జబ్త్'. పట్టి ఉంచడం, అదుపులో పెట్టడం అని అర్థం. అట్లా పట్టి ఉంచినది మజ్బూత్. అరబ్బీలో దానికి 'కచ్చితమైనది' అని అర్థం. ఫార్సీ, ఉర్దూల దారిన దక్కనుకు వచ్చి మన నోట 'గట్టిది' అయింది. దీని తోబుట్టువు కూడా తెలుగులో ఉంది: జప్తు. శిస్తు కట్టని రైతు ఎడ్లను తోలుకుపోయిన జప్తు! ఒకే మూలం నుంచి కచేరీకి జప్తు దక్కింది, జనానికి మజ్బూతు దక్కింది.

మరి మేమెటువైపు? ముస్లిం అనగానే నిజాం వారసులంటారు. మా తాతలు నవాబులు కారు. దూదేకినోళ్లు, గాజులమ్మినోళ్లు, జట్కా తోలినోళ్లు. జప్తు మా గడపా తొక్కింది.

ఉర్దూలో జబ్త్‌కు ఇంకో అర్థముంది: దుఃఖాన్ని దిగమింగడం. ఆ అర్థం మాకు 1948 సెప్టెంబరు పోలీసు చర్య నేర్పింది. రజాకార్ల దౌర్జన్యం నిజం, మేము కాదనం. కానీ దానితో ఏ సంబంధమూ లేనివాళ్లూ ఆ బాకీ ప్రాణాలతో తీర్చారు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం 5 వేల మంది చనిపోయారని రాసింది. ఆ నివేదికను అందరూ చదివే వీలు 2013లో గాని కలగలేదు. 65 ఏళ్లు సర్కారు కాగితాన్ని దాచింది, మా ముసలమ్మలు కన్నీళ్లను దాచారు.

మమ్మల్ని మొండివాళ్లంటారు, కరుకువాళ్లంటారు. ఆ కరుకుతనం కత్తిది కాదు, దిగమింగినవాళ్లది. ఇక దిగమింగం. మజ్బూతు తెలుగు మాట కాదని మీలో ఎవరైనా అనగలరా? అనలేకపోతే, ఆ మాటను మీకిచ్చిన మమ్మల్ని పరాయివాళ్లని ఎట్లా అంటారు?