పండుగపూట దగ్గు

1918లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైళ్ళ వెంట దేశమంతా పాకింది. దసరా, దీపావళి రోజుల్లో మరీ ముదిరింది. మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ళలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. రోగుల పక్కన కూర్చుని సేవ చేసిందీ, అందరూ తిన్నాక మిగిలింది తిన్నదీ వాళ్ళే కదా!

ఈసారి దసరా సెలవులకు మావాడు దగ్గుతూ కాజీపేటలో రైలు దిగాడు. ఇంట్లో అత్తమ్మకు ఆయాసం. వాడికి వేరే గది ఇచ్చి, కిటికీలు తెరిచాను.

"పండుగపూట పోరన్ని దూరం పెడ్తవా?" అని అత్తమ్మ కోప్పడింది. నాకూ మనసొప్పలేదు. అయినా మాస్కు కట్టుకునే వాడికి అన్నం పెట్టాను. నేనూ వేళకు వేడిగా తిన్నాను. సద్దుల బతుకమ్మను వాడు మేడమీంచే చూశాడు.

అత్తమ్మకు దగ్గు అంటలేదు. ఇంట్లో అందరికీ చేసేటప్పుడు మిమ్మల్నీ చూసుకోండమ్మా.