బాంబా, భూకంపమా? నేలనడుగు, గాలినీ అడుగు

గోడ వణికింది. అల్మారీల గిన్నెలు గలగలమన్నయి. ఊర్ల సగంమంది భూకంపం అంటరు, సగంమంది క్వారీ బ్లాస్టింగ్ అంటరు. 2024 డిసెంబర్ 4 పొద్దుగాల ములుగు దిక్కు 5.3 తీవ్రతతోని ఊగింది నిఖార్సైన భూకంపమే. మరి గుట్ట పక్కన ఊర్లు వణికేది?

తేల్చెతందుకు రెండు మిషిన్లు కావాలె. సీస్మోమీటర్ నేల కదలికను పట్టుకుంటది. ఇన్‌ఫ్రాసౌండ్ సెన్సార్ మన చెవికి అందని శబ్దాన్ని, అంటే సెకనుకు 20 కంపనాల లోపుదాన్ని, గాలి ఒత్తిడిల మార్పుగ పడ్తది. గా శబ్దం మస్తు దూరం పోతది. 2013ల రష్యాల చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలితే 15,000 కిలోమీటర్ల అవతల అంటార్కిటికా స్టేషన్‌కు గూడ అందింది. అణుపరీక్షల మీద కన్నేసెతందుకు పెట్టిన స్టేషన్లవి. ఆ ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలే, అది వేరే ముచ్చట.

ఇగ అసలు కిటుకు. బాంబు పేలితే మొదటి తోపు అన్ని దిక్కులకు బయటికే ఉంటది. భూకంపంల రాయి జారుతది కాబట్టి ఒక దిక్కు తోస్తది, ఇంకో దిక్కు గుంజుతది. పైంగ బ్లాస్టింగ్ గాలిని గూడ కొడ్తది. నేలల తరంగం సెకనుకు 5, 6 కిలోమీటర్లు ఉరుకుతది, శబ్దం 340 మీటర్లే. పది కిలోమీటర్ల అవతల పేలితే ముందు నేల కదుల్తది, దాదాపు అర నిమిషానికి గాలి దెబ్బ వస్తది. చిన్న భూకంపాలకు గసువంటి గాలి దెబ్బ మామూలుగ ఉండది. ఇది ఉత్త పుస్తకాల మాట కాదు. దక్షిణ కొరియాల 1999 నుంచే రెండు మిషిన్లు ఒక్కకాడ పెట్టి, భూకంపాల లెక్కల నుంచి క్వారీ పేలుళ్ళను ఏరేస్తున్నరు.

అట్లని మిషిన్‌ను గుడ్డిగ నమ్మొద్దు. గాలి ఎదురుంటే శబ్దం అందకపోవచ్చు. చప్పుడు పడలేదు గనక బ్లాస్టింగే జరగలేదంటే ఒప్పుకోవద్దు. ఒక్క మిషిన్‌తోని పేలిన జాగ గూడ పక్కాగ తేలది, తలా ఓ దిక్కు మూడు నాలుగన్న ఉండాలె.

గోడల పగుళ్ళ లెక్క ఇంకోటి. గనుల భద్రత చూసే కేంద్ర డైరెక్టరేట్ 1997ల హద్దు పెట్టింది: ఊరోళ్ళ ఇండ్లకాడ 8 హెర్ట్జ్ లోపు కంపనం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటొద్దు. కొలిచే మిషిన్ మీ వాకిట్ల ఎన్నడన్న పెట్టిండ్రా? ఆ కాగితం చూపెట్టుమని అడుగుండ్రి. అప్పటిదాక తారీఖు, టైము, నేల కదిలినంక ఎన్ని సెకన్లకు చప్పుడు ఇనవడ్డదో ఫోన్‌ల రాసుకోండ్రి.

భూకంపాల మీద పట్టున్న ఎన్‌జీఆర్‌ఐ మన హైదరాబాద్‌లనే ఉన్నది. క్వారీలున్న మండలాలల్ల నేల మిషిన్ పక్కన గాలి మిషిన్ గూడ పెట్టి, లెక్క ఊరికి చూపెట్టుమని అడుగుడు గొంతెమ్మ కోరికేం కాదు.