అక్షౌహిణి లెక్క – న్యూయార్కు అగ్నిమాపక దళం



బడిలో భారత పద్యాలు చెప్పే రోజులలో అక్షౌహిణి లెక్కను నల్లబల్ల మీద వ్రాయించడం నాకొక ముచ్చట. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, అయిదుగురు కాలిబంట్లు కలిస్తే ఒక పత్తి. మూడు పత్తులు ఒక సేనాముఖము, మూడు సేనాముఖములు ఒక గుల్మము. ఇట్లు మూడేసి రెట్లు పెరిగి అనీకిని దాకా పోతుంది. పది అనీకినులు ఒక అక్షౌహిణి. ఒకనాడు ఒక పిల్లవాడు లేచి, "ఇన్ని అంచెలు ఎందుకు మాస్టారూ? అందరికీ కలిపి ఒక్క సేనాపతి చాలడా?" అన్నాడు. వాడికి తృప్తి కలిగేలా నేనేమీ చెప్పలేకపోయాను. ఆ సమాధానం ఉద్యోగ విరమణ తరువాత, మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు, న్యూయార్కు అగ్నిమాపక దళ చరిత్ర చదువుతూ ఉంటే దొరికింది.

1865 వరకు ఆ నగరంలో మంటలు ఆర్పినవారు స్వచ్ఛంద సేవకులు. ధైర్యానికి లోటు లేదు గాని, ఒక జట్టుకూ మరొక జట్టుకూ పోటీ; వీథిలో కొట్లాటలు కూడా జరిగేవి. ఆ యేడు జీతగాండ్రతో కూడిన దళం ఏర్పడింది. అంతర్యుద్ధంలో పోరాడిన జనరల్ అలెగ్జాండర్ షేలర్ 1867లో దాని పాలకమండలికి అధ్యక్షుడై సైనిక క్రమశిక్షణను ప్రవేశపెట్టాడు. బెటాలియన్ వంటి సేనాపదాలు నిప్పులతో యుద్ధానికి కూడా వచ్చాయి.

ఆ నిర్మాణం ఇది. అన్నిటికంటె చిన్నది కంపెనీ. ఇంజన్ కంపెనీ నీరు తెస్తుంది. లాడర్ కంపెనీ తలుపులు పగులగొట్టి, లోపల చిక్కుకున్నవారిని వెదకుతుంది. ఒక్కొక్క జట్టుకు ఆ పూట ఒక లెఫ్టినెంటో కెప్టెనో నాయకుడు. కొన్ని కంపెనీల మీద బెటాలియన్ చీఫ్, కొన్ని బెటాలియన్ల మీద డివిజన్‌కు డిప్యూటీ చీఫ్. అందరికీ పైన చీఫ్ ఆఫ్ డిపార్ట్‌మెంట్. ఆయనకు పైన మేయరు నియమించే కమిషనర్. మంట దగ్గర మొదట చేరిన అధికారిదే ఆజ్ఞ; పెద్దవాడు వస్తే పరిస్థితి వివరించి అప్పగించాలి.

2001 సెప్టెంబరు 11న ఈ నియమం అక్షరాలా అమలు జరిగింది. గ్యాసు వాసన వస్తోందన్న కబురు మీద వీథిలో ఉన్న బెటాలియన్ చీఫ్ జోసెఫ్ ఫైఫర్, 8:46కు విమానం ఉత్తర సౌధాన్ని ఢీకొనడం చూశాడు. అక్కడికి చేరిన మొదటి చీఫ్ ఆయనే. తరువాత డిప్యూటీ చీఫ్ పీటర్ హేడెన్, ఆ పైన చీఫ్ ఆఫ్ డిపార్ట్‌మెంట్ పీటర్ గాన్సీ బాధ్యత వహించారు. ఫైఫర్ తమ్ముడు కెవిన్ కూడా లెఫ్టినెంటే. తన జట్టుతో వచ్చి అన్నగారి ఎదుట నిలబడ్డాడు. అందరినీ పంపినట్లే తమ్ముణ్ణీ పైకి పంపాడు అన్న. ఆ తమ్ముడు తిరిగి రాలేదు.

9:59కి దక్షిణ సౌధం కూలింది. కూలినది ఆ సౌధమని తెలియకపోయినా, ఉత్తర సౌధంలోని తనవారిని దిగి రమ్మని ఫైఫర్ రేడియోలో ఆజ్ఞాపించాడు. కొందరికి వినబడింది, కొందరికి వినబడలేదు. ఉత్తర సౌధం నిలవదని పోలీసు హెలికాప్టరునుంచి హెచ్చరిక వెలువడింది. కాని అది అగ్నిమాపక చీఫ్‌లకు చేరలేదు. గాన్సీ తనవారిని ఉత్తరానికి తరలమని చెప్పి, తాను దక్షిణానికే నడిచాడు. 10:28కి రెండవ సౌధం కూలింది. దళంలో 343 మంది మరణించారు. గాన్సీ, మొదటి డిప్యూటీ కమిషనర్ విలియం ఫీహన్ వారిలో ఉన్నారు.

సేనాపతి పడితే సేన చెదరడం మన ఇతిహాసాలలో చూస్తాము. ఇక్కడ చెదరలేదు. ఆపరేషన్స్ చీఫ్ డేనియల్ నీగ్రో పగ్గాలు అందుకున్నాడు, పని సాగింది. పిల్లవాడి ప్రశ్నకు సగం జవాబు ఇదే: అంచెలు ఉన్నది పెద్దవాడి గొప్పతనానికి కాదు, ఆయన లేనినాడు కూడా పని ఆగకుండటానికి. మిగిలిన సగం చేదైనది. ఆజ్ఞ క్రిందికి దిగినంత సులువుగా కబురు పైకి ఎక్కాలి, పక్కవాడికీ అందాలి. అది లేని చోట ఎంతటి వ్యూహమైనా గ్రుడ్డిదే. ఆ తరువాతి సంవత్సరాలలో పోలీసులు, అగ్నిమాపకులు ఒకే పద్ధతిలో కలిసి పనిచేసే విధానాన్ని ఆ నగరం వ్రాసుకున్నది.

ఆ స్థలంలోని స్మారక జలాశయం అంచున, కంచుపలకల మీద పేర్లు చదివాను. పంతులు బుద్ధి కదా, హోదాల కోసం వెదికాను. లేవు. కంపెనీల వారీగా, కలిసి వెళ్ళినవారి పేర్లు కలిసే ఉన్నాయి. అక్షౌహిణి అంతా కరిగి, చివరికి పత్తి ఒక్కటే మిగిలినట్లు తోచింది.

ఆ పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. కనబడితే ఈ జవాబు బాకీ తీర్చుకోవాలి.