ఆక్టేన్

ఇంజనులో నాకింగు ప్రసక్తి వచ్చినపుడెల్ల వినబడు ‘ఆక్టేన్’ అను మాటకు మూలము, ఎనిమిది అను అర్థము గల ‘ఆక్టో’. మన ‘అష్ట’కు అది సోదరశబ్దమగుట నాకెంతయు ఆనందదాయకము. అణువులో ఎనిమిది కర్బన పరమాణువులుండుటచే ఆక్టేన్ అను ద్రవమునకా పేరు వచ్చినది. 1926లో గ్రాహం ఎడ్గార్ అను అమెరికను రసాయనవేత్త, ఒత్తిడికి తాళు ఐసో ఆక్టేనును, ఇట్టే పేలు హెప్టేనును ప్రమాణములుగా ప్రతిపాదించిన పిదప, మొదటిదానికి 100, రెండవదానికి 0 అను కొలమానమేర్పడి, ఆ నామమే పెట్రోలు యోగ్యతకు వాచకమైనది.

ఎత్తెక్కునపుడు యాక్సిలరేటరు త్రొక్కగానే టకటకమను సన్నని లోహధ్వని వినబడినచో, మంట చేరకమునుపే గాలి, పెట్రోలుల మిశ్రమము తనంతట అంటుకొనుచున్నదని, అదియే నాకింగని గ్రహించి, తగిన ఆక్టేను గల పెట్రోలు పోసి, ఇగ్నిషను టైమింగు సరిచూడవలెను. ధ్వని గంభీరమై ఇంజను వేగముతో పెరుగుచున్నచో మాత్రము పెట్రోలు మార్చి ప్రయోజనము లేదు. మొదట డిప్‌స్టిక్కు తీసి ఆయిలు చూచి, పిదప ఒక్కొక్క ప్లగ్గు వైరునే తొలగించుచుండగా ఎచ్చట చప్పుడు తగ్గునో, ఆ సిలిండరు కనెక్టింగు రాడ్డు బేరింగునే అనుమానింపవలెను.