గద్వాల చీరకి రాణి ఉంది, మరి గొంగడికి?

ఇవాళ చీరతో మొదలుపెట్టి నేల మీద పరిచే రగ్గు దాకా పోదాం. దారి కొంచెం వంకరే, అయినా రండి.

ఈమధ్య ఇంటీరియర్ రీల్స్‌లో ఒకటి గమనించారా? సోఫా ముందు రగ్గు, దాని అంచులో మన చీర బార్డర్. టెంపుల్ డిజైనో, రుద్రాక్షో. బాగుంటది, కాదనను. ఇలాంటివి చూస్తే నాకు ముందు గద్వాలే గుర్తొస్తుంది.

గద్వాల చీర నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండిటినీ కుట్టరు. మగ్గం మీదే, మూడు నాడెలతో, ఎడమ అంచు పోగు, నడిమి పోగు, కుడి అంచు పోగు ఒకదాన్నొకటి పట్టుకునేలా లంకె వేస్తారు. దీన్నే కుప్పడం అంటారు. ఒక్కడితో అయ్యే పని కాదు, పక్కన ఇంకొకరు కూర్చోవాలి. తమాషా ఏంటంటే, రంగుల ముక్కలతో నేసే రగ్గుల్లో కూడా సమస్య ఇదే: రెండు రంగులు కలిసే చోట ఏం చేయాలి? టర్కీ కిలిముల్లో చాలావాటికి అక్కడ సన్నటి చీలిక వదిలేస్తారు. మన గద్వాలలో వదలరు, లంకె వేస్తారు. కాబట్టి నేటి రగ్గు డిజైనర్ గద్వాల దగ్గర నేర్చుకోవాల్సింది బార్డర్ బొమ్మ కాదు, ఆ లంకె. బొమ్మదేముంది, ఫోన్‌లో ఫొటో తీసి పంపితే మెషిన్ కూడా నేస్తది.

ఈ నేతకి అండ దొరికింది. 1924 తర్వాత గద్వాల సంస్థానాన్ని నడిపిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ నేతగాళ్లను ఆదరించింది. తిరుమల బ్రహ్మోత్సవాలకి గద్వాల నుంచి ఏరువాడ జోడు పంచెలు పోవడం సంస్థానం నాటి ఆనవాయితీ, ఇప్పటికీ నడుస్తోంది. అంటే రాణీ ఉంది, దేవుడూ ఉన్నాడు. తర్వాత జీఐ గుర్తింపూ వచ్చింది.

కానీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లలో జనం నేల మీద పరుచుకున్నది పట్టు కాదు కదా. పరుచుకున్నది గొంగడి. 2016లో జిల్లాలు విడగొట్టక ముందు ఇదంతా ఒకటే పాలమూరు. కురుమలు, గొల్లలు మందలు తోలుకొని కృష్ణ ఒడ్డు దాకా, నల్లమల దాకా పోయేవాళ్లు. రాత్రి గొంగడి పరుపు. చలికి దుప్పటి. వాన పడితే తల మీంచి కప్పుకున్న గొడుగు. బీరప్ప పూజలో అదే ఆసనం. ఇన్ని పనులు చేసిన బట్టకి మనం ఇచ్చిన పేరేంటి? "గొంగట్లో తింటూ వెంట్రుకలేరినట్టు" అని ఒక వెటకారం సామెత!

ఆ వెంట్రుకల సంగతే చూద్దాం. గొంగడి ఉన్ని దక్కనీ నల్ల గొర్రెది. మగవాళ్లు బొచ్చు కత్తిరిస్తే, ఆడవాళ్లు రాట్నం మీద దారం వడుకుతారు. పడుగుకి చింతగింజల గంజి పట్టించి గుంట మగ్గం మీద నేస్తారు. రంగు అద్దేది లేదు, నలుపైనా బూడిదైనా గోధుమైనా గొర్రె రంగే. ఒంటికి మాత్రం గుచ్చుకుంటది. ఎందుకంటే స్వెటర్లకి వాడే మెరినో ఉన్ని పోగు మందం దాదాపు 20 మైక్రాన్లు, దక్కనీది 30కి పైనే. అయితే కార్పెట్‌కి కావాల్సిందే ఆ మొరటు ఉన్ని! మెత్తటిది తొక్కితే అణిగిపోతది, మొరటుది నిలబడుతుంది. మనం ఎగతాళి చేసిన గుణమే రగ్గుకి అర్హత అన్నమాట. హైదరాబాద్‌లో ఎర్తెన్ ట్యూన్స్ అనే సంస్థ ఇదే ఉన్ని గుడ్డతో బూట్లు చేస్తోంది. బూటుకి ఆగిన గుడ్డ రగ్గుకి ఆగదా?

మరి చిక్కెక్కడ? నేతగాళ్ల దగ్గర కాదు, మందలో. మాంసం ధర పెరిగేకొద్దీ కాపరులు నెల్లూరు జాతి వైపు మళ్లారు. అది ఎత్తుగా, బరువుగా పెరుగుతుంది కానీ దాని ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. వాళ్లను తప్పు పట్టలేం, ఉన్ని కొనేవాడే లేడు మరి. చవక మిల్లు దుప్పట్లు వచ్చాక గొంగడికి గిరాకీ పడిపోయింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. యూనిట్‌కి 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. మంచిదే, కానీ ఆ లెక్కంతా మాంసానిది.

పక్కనే ఇంకో కథ ఉంది. వరంగల్ డర్రీలు కూడా నేల మీద పరిచేవే, వాటికి 2018లో జీఐ వచ్చింది. కానీ డర్రీ నూలుది, నూలు బజార్లో కొనొచ్చు. నల్ల గొర్రె మందలు పోతే దక్కనీ ఉన్ని ఏ బజార్లో దొరుకుతుంది? గద్వాల బార్డర్ వేసిన రగ్గు ఇంకో వందేళ్లకైనా వస్తది. గొంగడి రగ్గుకి అంత టైమ్ లేదు.

పోయే ముందు ఒక చిన్న పని. "హ్యాండ్‌మేడ్ ఉల్ రగ్" అని ఏదైనా కొనేటప్పుడు అడిగి ఒక పోగు తీసుకోండి, బయటికొచ్చి అగ్గిపుల్లతో అంటించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే పొడైతే అది ఉన్ని. కరిగి గట్టి ఉండ అయితే అది యాక్రిలిక్ లాంటి సింథటిక్, ఏ గొర్రెదీ కాదు.